వారం రోజుల దుర్భిణి

మహేష్ ఆ దుర్భిణిని పెట్టెలోంచి బయటికి తీసేసరికి చేల మీద ఎండ మెత్తబడింది. మోచేయంత పొడుగుంది. ముదురాకుపచ్చ రంగు, కన్ను పెట్టుకునే చోట ఏటవాలుగా వంగిన గొట్టం. మూడు కాళ్ళ స్టాండు విప్పి, గట్టు మీద ఒక్కో కాలూ అదిమి నిలబెట్టి, దుర్భిణిని దాని మీద బిగించాడు. అద్దం మీద ఊది, చొక్కా అంచుతో తుడవబోయి, ఆగి, పెట్టెలో ఇచ్చిన గుడ్డ ముక్క వెతికి దానితో తుడిచాడు.

వీరన్న నాలుగడుగుల దూరంలో కర్ర మీద గడ్డం ఆనించి నిలబడి ఉన్నాడు. వెనక చీనీతోటలో అతని గొర్రెలు బత్తాయి చెట్ల మధ్య గడ్డి కొరికే చప్పుడు వినబడుతోంది. ఆ తోట, తోటలో బోరు, ముందున్న ఎనిమిదెకరాల వేరుశనగ అన్నీ నారాయణరెడ్డివి. ఆయన ఉండేది పులివెందులలో. పొలం మాత్రం జమ్మలమడుగు అవతల, కొండ కింద ఎర్రకోన అనే ఈ చిన్న ఊళ్ళో. పందులు కొండ దిగి వచ్చి చేలో కాయ తవ్వుకు తింటాయి. అవి ఏ వంకలో పడుకున్నాయో, ఏ దారిన దిగుతాయో చూసి చెప్పడం వీరన్న పని. అందుకు జీతం లేదు. అతని డెబ్బై గొర్రెలకూ తోటలో గడ్డి, బోరు తొట్టిలో నీళ్ళు. చుట్టుపక్కల ఎండాకాలం కూడా పచ్చగా ఉండే జాగా అదొక్కటే.

ఈ ఏడు పందులను కొట్టడానికి అటవీశాఖ నుంచి మూడు నెలల అనుమతి కాగితం వచ్చింది. కొట్టిన పందిని గార్డుకు చూపించి పూడ్చాలి. పిల్లల తల్లిని కొట్టకూడదు. తుపాకీ లైసెన్సు నారాయణరెడ్డి తమ్ముడి కొడుకు మహేష్‌ది.

"ఎంతరా ఇది?" గట్టు మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్న నారాయణరెడ్డి అడిగాడు. ధర ఆయనకు తెలుసు. వీరన్న వినాలని అడిగాడు.

"రెండు లక్షల అరవై వేలు పెద్దనాయనా. వారం లోపల వద్దనుకుంటే వాపసు తీసుకుంటారు."

"నీ కాడ బైనాక్యులర్ ఒగటి ఉండాది గదా."

"దాంట్లో నల్లగా మచ్చ కనపడతాది. అది పందో బండరాయో ఆడికి పోతే గానీ తెలీదు. ఇదైతే ఈడ కూర్చోనే మగదో ఆడదో చెప్పొచ్చు. కొండంతా ఎక్కి దిగే పనిల్యా."

"అది చెప్పేదానికి మన వీరన్న లేడా?" నారాయణరెడ్డి నవ్వాడు. "ఏమప్పా వీరన్నా, యాడుండాయి ఇప్పుడు? నువ్వు చెప్పు. వీడు అద్దంలో చూసి చెప్తాడు. ఎవురు ముందో చూద్దాం."

వీరన్న ఎప్పటిలాగే అరచెయ్యి నొసటి మీద అడ్డం పెట్టుకున్నాడు. ఎదురుగా కొండ ఎర్రగా, కలిసిపోయి, ముతక కంబళి కుప్పలాగా ఉంది. అతను దాన్ని చూడలేదు. విన్నాడు. ఎడమ వంకలో తీతువు పిట్ట రెండుసార్లు అరిచి ఊరుకుంది. గాలి కొండ మీంచి దిగుతోంది. దాంట్లో పచ్చి బురద వాసన ఉంది. వాన కురిసి మూడు రోజులైంది, ఇంకా బురద నిలిచి ఉండే గుంట కొండ మొత్తానికీ ఒక్కటే.

"గుర్రంబండ కింద, కానుగచెట్లకు ఈ పక్క. రెండో మూడో ఉండాయి రెడ్డీ," అన్నాడు.

మహేష్ దుర్భిణి మీదికి వంగాడు. ఆ గొట్టంలో ఒకసారికి కనబడేది చాపంత కొండే. కుడికి తిప్పాడు, ఎడమకు తిప్పాడు, చక్రం తిప్పి దగ్గరికి లాగాడు, మళ్ళీ దూరం చేశాడు. బండల వేడికి గాలి నీళ్ళలాగా ఆడుతోందని గొణిగాడు. నారాయణరెడ్డి వక్కలాకు నమిలి ఊసేంతసేపు గడిచింది.

"ఉండాయి," అన్నాడు చివరికి మహేష్. "మూడు. కానుగచెట్ల కిందనే."

నారాయణరెడ్డి తొడ చరిచి నవ్వాడు. "చూస్తివా? రెండు లక్షల అరవై వేలకు పది నిమిషాలు. మావోనికి ఒక్క నిమిషం. దీన్ని కట్టి పంపించు రా. ఆ దుడ్లతో చేనుకు కంచె వేస్తే సగం పంటన్నా దక్కుతాది."

మహేష్ ముఖం మాడిపోయింది. పక్కకు జరిగి, "ఒకసారి నువ్వే చూడు మామా," అన్నాడు వీరన్నతో.

వీరన్న కర్ర కింద పెట్టి కుడికన్ను గొట్టానికి ఆనించాడు. చీకటి. మూత తీయలేదేమో మహేషా అనబోయాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇప్పుడే గదా మహేష్ చూసింది. ఎవరూ గమనించకుండా తల కొంచెం జరిపి ఎడమకన్ను పెట్టాడు.

పంది కళ్ళ ముందుకు వచ్చి నిలబడింది. వీపు మీద బురద ఆరి పగుళ్ళు తేలింది. వెంట్రుకలు ఒక్కొక్కటీ వేరు వేరుగా ఉన్నాయి. చెవి మొదట్లో ఒక పిడుదు ఉబ్బి ఉంది. ముట్టె చివర తడి మెరుస్తోంది, దాని మీద ఒక కానుగాకు అంటుకుంది. పంది తల విదిలిస్తే ఆకు రాలిపోయింది. ఆ ఆకు నేలమీద పడడం కూడా కనిపించింది.

వయసు మీదపడితే కొండలు అందరికీ కలిసిపోతాయనుకున్నాడు ఇన్నాళ్ళూ. లోకం మాత్రం ఇంత స్పష్టంగా అక్కడే ఉంది.

"ఏమప్పా, ఎట్లుండాది?" నారాయణరెడ్డి అడిగాడు.

"బాగనే ఉండాది రెడ్డీ," అని వీరన్న లేచి, కర్ర కోసం నేల తడిమాడు.

*

తెల్లారి దొడ్డి తలుపు పక్కన నిలబడి ఒక్కో గొర్రెనూ బయటికి వదిలాడు. వీపు మీద చెయ్యి వేసి, ఒకటి, రెండు అని లెక్క పెట్టుకుంటూ వదిలాడు. మునుపు మంద కదులుతుండగానే చూపుతో లెక్క తేల్చేవాడు. చేత్తో లెక్కపెట్టడం ఎప్పుడు మొదలైందో అతనికే గుర్తులేదు.

"పొద్దుటూరికి పోయొస్తా మే. గొర్రెలకు నట్టల మందు తేవాల," అన్నాడు భార్యతో.

సుంకులమ్మ కసువు ఊడుస్తూ తల ఎత్తలేదు. "నీ కన్ను గూడా చూపించుకోని రా," అంది.

వీరన్న ఆగిపోయాడు.

"ఏం తెలీదనుకుంటాండావా? నీళ్ళ చెంబు రెండేండ్ల నుంచి ఒకే జాగాలో పెడతాండా. జరిపితే తన్నుకుంటాండావు."

ప్రొద్దుటూరులో కంటి డాక్టరమ్మ పేరు శ్వేత. చిన్న వయసు, చిన్న ఆసుపత్రి, బల్ల మీద పదిమంది. కళ్ళలో చుక్కలు వేసి, గాలి కొట్టి, లైటు వేసి చూశాక ఒక చీకటి గదిలో యంత్రం ముందు కూర్చోబెట్టారు. గడ్డం పెట్టుకోవడానికి తొట్టెలాంటి చోటు. చేతికి ఒక బటన్ ఇచ్చారు. లోపల తెల్లటి గిన్నెలో ఎక్కడ చుక్క మెరిసినా బటన్ నొక్కాలన్నారు.

వీరన్న ఎదురుచూశాడు. చుక్క ఏదీ రాలేదు. యంత్రం లోపల మాత్రం టిక్కుమని సన్నటి చప్పుడు వచ్చింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది. మూడో చప్పుడుకు అతను బటన్ నొక్కాడు. ఆ తర్వాత ప్రతి చప్పుడుకూ నొక్కుతూ పోయాడు. బాగా చేస్తున్నాననే అనుకున్నాడు.

శ్వేత వచ్చి కాగితం చూసి, అతని చేతిలోంచి బటన్ మెల్లగా తీసుకుంది. "చుక్క కనపడితేనే నొక్కాల తాతా. చప్పుడుకు కాదు."

అతను తల వంచుకున్నాడు. బడిలో పక్కవాడి పలకలో చూసి రాస్తూ దొరికిపోయిన పిల్లవాడి మాదిరి చెవులు వేడెక్కాయి.

రెండోసారి చేయించి ఆమె చెప్పింది. కుడికంటి నరం ఎండిపోయింది. ఎడమకంట్లో నడుమ భాగం కొంచెం మిగిలింది, గొట్టంలోంచి చూసినట్టు. చుట్టుపక్కల ఏముందో ఆ కన్ను చూడదు, ఉన్నట్టు ఊహించుకుంటుంది, అంతే. మసక వెలుతురులో ఆ కాస్త కూడా నమ్మకం లేదు.

"ఆపరేషన్ చేస్తే?"

"శుక్లమైతే చేసేదాన్ని. ఇది నరం జబ్బు. పోయింది రాదు. ఉండేది పోకుండా రోజూ చుక్కలు వేసుకోవాల, బతికినన్నాళ్ళు."

"వేసుకుంటే నిలబడతాదా తల్లీ?"

శ్వేత చీటీ రాస్తూ, "కొందరికి నిలబడతాది," అంది.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. జేబులో చుక్కల సీసా ఉంది. సంచిలో గొర్రెల మందు ఉంది. రాజుపాలెం వాళ్ళెవరో వెనక సీట్లో పత్తి ధర గురించి పోట్లాడుకుంటున్నారు. వీరన్న కుడికన్ను మూసి చూశాడు. ఎడమకన్ను మూసి చూశాడు. ఊరు వచ్చేదాకా అదే పని.

*

గురువారం పొద్దు వాలుతుండగా మహేష్ కారు ఆపి, తుపాకీ భుజాన వేసుకుని, దుర్భిణి పెట్టె వీపుకు తగిలించుకుని వచ్చాడు. నారాయణరెడ్డి రాలేదు. కొండ మొదట్లో ఉన్న చదును బండ మీదికి ఇద్దరూ ఎక్కారు. దారిలో మూడు చోట్ల చెబుదామనుకున్నాడు వీరన్న. వంక దాటాక చెబుదాం. బండ ఎక్కాక చెబుదాం. కూర్చున్నాక చెబుదాం. కూర్చున్నాక మహేష్ తూటాలు నింపుతూ, "నిన్న రాతిరి ఇంకో అర్ధెకరా పోయింది మామా. ఈ పొద్దు ఒకటన్నా పడాల, లేకుంటే పెద్దనాయనకు నా ముఖం చూపించలేను," అన్నాడు. ఇక చెప్పలేకపోయాడు.

సూర్యుడు కొండ వెనక్కి పోయాడు. ఆకులు ముందు రంగు పోగొట్టుకున్నాయి, తర్వాత ఆకారం. పైన సీతాఫలం పొదల్లో ఎండుటాకులు నలిగాయి. ఆగాయి. మళ్ళీ నలిగాయి. కాలు ఈడ్చి నేల కెలికే చప్పుడు. దాంతోపాటు ఒక గురక, దగ్గు లాంటిది.

వీరన్న అటు తిరిగాడు. నల్లటి ముద్ద ఒకటి, నడుం ఎత్తున, పొదల మధ్య మెల్లగా కదులుతోంది.

"పంది," అన్నాడు గుసగుసగా. "ఒంటిది. మగది. సీతాఫలం కాయ తింటాండాది. కొట్టు."

మహేష్ తుపాకీ భుజానికి ఎత్తాడు. అతని ఊపిరి ఆగిన చప్పుడు వీరన్నకు వినిపించింది. వేలు వంగింది. ఆగింది.

"ఉండు మామా. మగదేనో కాదో దీంట్లో చూసి కొడతా. పెద్దనాయనకు చెప్పుకోవచ్చు," అని తుపాకీ ఒడిలో పెట్టుకుని దుర్భిణిని తిప్పాడు. దాని అద్దం పెద్దది, ఉన్న వెలుతురంతా ఏరుకుంటుంది.

చక్రం తిప్పుతున్న చెయ్యి ఆగిపోయింది. మహేష్ తుపాకీ తెరిచి తూటాలు బయటికి తీశాడు. ఒకటి జారి బండ మీద దొర్లుకుంటూ పోయింది. వెతుక్కోలేదు.

"రా మామా. చూడు."

వీరన్న ఎడమకన్ను ఆనించాడు.

గులాబ్‌బీ. అతని వీధిలోనే నాలుగో ఇల్లు. సీతాఫలాలు ఏరి ప్రొద్దుటూరు అంగట్లో అమ్ముకునే గులాబ్‌బీ. నల్ల కంబళి మడిచి నెత్తిన వేసుకుంది. నడుం వంచి కింద రాలిన కాయ తీసి, బొటనవేలితో నొక్కి చూసి, మెత్తగా ఉంటే పారేస్తోంది, గట్టిగా ఉంటే గోతంలో వేస్తోంది. చేతికి మూడే గాజులు. ముక్కు చీరకొంగుతో తుడుచుకుంది. ఒక కాలు ఎత్తి, చెట్టు పట్టుకుని, పాదంలో ముల్లు లాక్కుంది. పెదవులు కదులుతున్నాయి. తనలో తానే ఏదో మాట్లాడుకుంటోంది. ఆ మాటలే ఇంతదూరానికి గురక మాదిరి వచ్చాయి.

వీరన్న కన్ను తీయలేకపోయాడు. ఆమె గోతం ఎత్తుకుని పొదల చాటుకు పోయాక కూడా ఖాళీ పొదలనే చూస్తూ ఉండిపోయాడు.

మహేష్ మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. "నొక్కేసినా మామా. నిజంగా నొక్కేసినట్టే. నువ్వు పందంటే పందే గదా అని..."

"నాకు కండ్లు పోయినాయి మహేషా," అన్నాడు వీరన్న. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాడు. చెవులతో, ముక్కుతో ఎన్నాళ్ళుగా నెట్టుకొస్తున్నాడో చెప్పాడు. మహేష్ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఈ మాట బయటికి పోతే నా లైసెన్సు పోతాది," అన్నాడు మహేష్. "పెద్దనాయన నన్ను గడప తొక్కనీడు. ఆమె సంగతి ఎత్తొద్దు. ఈ దుర్భిణి మాత్రం ఉంచుకోవాల. నా మాట ఆయన వినడు. శనివారం నువ్వే వచ్చి చెప్పు, ఇది కావాల్సిందే అని. నీ మాటైతే వింటాడు."

"చెప్తాలే," అన్నాడు వీరన్న. దిగేటప్పుడు మహేష్ చెయ్యి పట్టుకున్నాడు. పాతికేళ్ళలో ఆ బండ దిగడానికి ఇంకొకరి చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

మరునాడు ఉదయం బస్సు కోసం గంప పెట్టుకుని రచ్చబండ దగ్గర కూర్చున్న గులాబ్‌బీ అతన్ని చూసి పిలిచింది. నాలుగు కాయలు తీసి అతని తువ్వాలులో పోసింది.

"సుంకులమ్మకు ఇయ్యి అన్నా. రేపటికి పండుతాయి."

వీరన్న కాయలు పట్టుకుని నిలబడ్డాడు. "పొద్దుగూకే వేళ కొండకు పోవద్దు మే."

"ఎప్పుడు పోవాల మళ్ళ? పగలు ఏరితే ఎండకు వాడిపోతాయి. తెల్లారి బస్సుకు ఎక్కీయకుంటే ఎవురు కొంటారు?"

"తుపాకులతో తిరుగుతాండారు."

గులాబ్‌బీ నవ్వింది. ముందు పళ్ళు రెండు లేవు. "నువ్వుండావు గదన్నా ఆడ. నీ కంటికి చిక్కకుండా ఈగ గూడా పోదు. నాకేం భయం?"

*

పులివెందులలో నారాయణరెడ్డి ఇంటి వసారా చల్లగా ఉంది. ఆయన చెక్క కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. దుర్భిణి పెట్టె బల్ల మీద ఉంది, వచ్చినప్పటి అట్టపెట్టె పక్కనే తెరిచి ఉంది. మహేష్ స్తంభానికి ఆనుకుని ఫోను చూసుకుంటున్నాడు. వీరన్న చెప్పులు మెట్ల కింద వదిలి వచ్చి, ఇంటామె వనజమ్మ ఇచ్చిన కాఫీ గ్లాసు పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు.

"నీకోసమే కాచుకోనుండా వీరన్నా. ఈ పొద్దు సాయంత్రానికి కొరియరోడు వస్తాడు. ఉంచమంటావా, పంపమంటావా? వీడు ఉంచాలంటాండాడు. నువ్వేమంటే అది."

"ఉంచండి రెడ్డీ."

నారాయణరెడ్డి కనుబొమలు పైకి లేచాయి. "అంత దుడ్లకు తగిందేనా అది?"

"తగిందే. నాకు కన్ను కనపడల్యా రెడ్డీ. కుడిది పూర్తిగా పోయింది. ఎడమది కొంచెం ఉండాది. నా మాట మీద ఇంక తుపాకీ పేల్చకూడదు."

నారాయణరెడ్డి కాఫీ గ్లాసు కింద పెట్టి మహేష్ వైపు చూశాడు. మళ్ళీ వీరన్న వైపు చూశాడు. ముఖం మీద మెల్లగా నవ్వు వచ్చింది.

"బాగా నేర్పించినాడే నీకు! ఏరా మహేషా, ముసలోని చేత ఇంతమాట అనిపిస్తావా?"

"నేర్పించింది కాదు రెడ్డీ. పొద్దుటూరు డాక్టరమ్మ చెప్పింది. ఇదో, చుక్కలు." వీరన్న జేబులోంచి సీసా తీసి చూపించాడు.

"చుక్కలా? వనజా, నా చుక్కల సీసా తెచ్చి చూపించు ఈయప్పకు. రోజూ మూడు పూటలా వేసుకుంటాండా నేను. ఈ వయసుకు ఎవురు వేసుకోరు? వాళ్ళు చుక్కలు అమ్ముకునేదానికి ఏదో ఒకటి చెప్తారు." నారాయణరెడ్డి ముందుకు వంగాడు. "మంగళవారం నా కండ్ల ముందర చెప్పలేదా నువ్వు, రెండో మూడో ఉండాయని? అద్దం పెట్టుకున్నోని కంటే ముందర? కన్ను లేనోడు చెప్పగలడా? సరే. ఆ ప్రహరీ గోడ మీద ఏముండాదో చెప్పు."

గోడ మీద కిచకిచమని సన్నటి చప్పుడు, గోళ్ళతో గీకిన చప్పుడు. వీరన్న ఆలోచించలేదు. పాతికేళ్ళ అలవాటు. ఆయన అడిగాడు, నోరు బదులు చెప్పింది.

"ఉడత."

అనేశాక తెలిసింది ఏం అన్నాడో. నారాయణరెడ్డి వసారా అదిరేలా నవ్వాడు. లోపల వనజమ్మ కూడా నవ్వింది.

"అది విని చెప్పినా రెడ్డీ. చూడలా. నేను చెప్పేది వినండి. మొన్న గురువారం కొండ మీద..."

వీరన్న మహేష్ ఉన్న వైపు తల తిప్పాడు. అటు పక్క అతనికి ఏమీ కనపడలేదు. స్తంభం పక్కన గాజుగుడ్డ మాదిరి తెల్లగా చొక్కా మాత్రం ఉంది.

"గురువారం ఏం జరిగింది?" నారాయణరెడ్డి గొంతు మారింది. "మహేషా, ఏం జరిగిందిరా?"

"ఏం జరగల్యా పెద్దనాయనా," మహేష్ తొందరగా అన్నాడు. "ఊరికే పోయొచ్చినాం. ఒక్కటీ దిగల్యా. మామ కొంచెం భయపడినాడు, చీకటి పడిందని."

వీరన్న మాట ఇచ్చాడు. ఇచ్చిన మాట తప్పినా, కాదనే మనిషి అక్కడే నిలబడి ఉన్నాడు. కాఫీ చల్లారి మీగడ కట్టింది. దాన్ని ఒకే గుక్కలో తాగేశాడు.

"పంపించేయ్ రా దీన్ని," అన్నాడు నారాయణరెడ్డి లేస్తూ. వీరన్న పక్కకు వచ్చి భుజం తట్టాడు. ఆ చేతిలో నిజమైన ప్రేమ ఉంది. "నీ కన్ను మా ఇంటి కన్ను వీరన్నా. నాయనకాలం నుంచి చూస్తాండా. సోమవారం నుంచి ఇద్దరూ పోండి. చేను అయిపోకముందే రెండన్నా పడాల."

బల్ల దగ్గర మహేష్ దుర్భిణిని గుడ్డలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, దాని మీద టేపు లాగి అతికించాడు. టేపు చిరిగిన చప్పుడు వీరన్న మెట్లు దిగేదాకా వినబడుతూనే ఉంది.

*

సోమవారం సాయంత్రం ఇద్దరూ బండ మీద కూర్చున్నారు. బైనాక్యులర్ మహేష్ మెడలో వేలాడుతోంది. వెలుతురు తగ్గాక దాంట్లో కూడా మచ్చలే.

మొదట తీతువు అరిచింది. తర్వాత వంకలో రాళ్ళు కదిలాయి. గాలి వీరన్న ముఖానికే వస్తోంది. ముతక, పులిసిన వాసన వచ్చింది, కొత్తగా తవ్విన మన్ను వాసన వచ్చింది. పంది అని అతని ఒంట్లో ప్రతి వెంట్రుకకూ తెలుసు. ఒకటి కాదు, మందే. ముందర పెద్దది, వెనక పిల్లలు. ముప్పై అడుగుల దూరంలో ముట్టె నేలకు ఆనించి ఊపిరి వదిలిన చప్పుడు.

నల్లటి ముద్ద ఒకటి పొద పక్కన ఆగింది.

"మామా," అన్నాడు మహేష్. "అది పందేనా?"

మొన్న కూడా తెలుసుననే అనుకున్నాడు. మొన్న కూడా ఒంట్లో ప్రతి వెంట్రుకా అదే చెప్పింది.

"కాదు," అన్నాడు వీరన్న.

"మళ్ళ ఏంది?"

"ఏం లేదు. నీడ."

మహేష్ తుపాకీ దించాడు. దించిన తొందర చూస్తే, ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టుంది. కిందికి చేలో వేరుశనగ చెట్లు పెరికే చప్పుడు, కాయ పటపట నమిలే చప్పుడు మొదలయ్యాయి. ఇద్దరూ వింటూ కూర్చున్నారు.

మంగళవారం అడిగాడు. ఏం లేదన్నాడు. బుధవారం అడిగాడు. ఏం లేదన్నాడు. బుధవారం ఆ నల్లటి ముద్ద చాలాసేపు ఒకచోటే నిలబడింది. పందో, గోతం దించుకుని సేదతీరుతున్న గులాబ్‌బీయో, ఉత్త బండో వీరన్నకు నిజంగానే తెలియలేదు.

గురువారం ఉదయం నారాయణరెడ్డి పులివెందుల నుంచి వచ్చాడు. కారు దిగి చేలోకి నడిచాడు. పెరికిన చెట్లు వేళ్ళు పైకి తేలి ఎండుతున్నాయి. కాయ ఉన్నచోట గుంటలు. చివరిదాకా పోయి, తిరిగి వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. కింద గుంట అంచున పంది అడుగులు, వాటి పక్కనే పిల్లల అడుగులు, వాళ్ళు కూర్చునే బండ మీంచి రాయి విసిరితే పడేంత దగ్గర.

"మూడు రోజులు," అన్నాడు. "మీ ముందరే దిగినాయి. నువ్వు ఏం లేదు ఏం లేదంటాంటివంట. వీడు చెప్పినాడు."

మహేష్ కారు తలుపు దగ్గరే ఉండిపోయాడు.

నారాయణరెడ్డి దగ్గరికి వచ్చి అతని ముఖంలోకి చూశాడు. చెయ్యి ఎత్తి కుడికంటి ముందు ఆడించాడు. వీరన్న రెప్ప కొట్టలేదు. మళ్ళీ ఆడించాడు.

"అయ్యో," అన్నాడు నారాయణరెడ్డి. చెయ్యి దించాడు. తోట వైపు తిరిగి కాసేపు నిలబడ్డాడు. "ఇంక కొండకు రావద్దులే వీరన్నా. జమ్మలమడుగు నుంచి ఎవురినన్నా మాట్లాడుకుంటాం. వాళ్ళకు గొర్రెలుంటే ఆ గడ్డీ నీళ్ళూ వాళ్ళకు ఇయ్యాల్సొస్తాది, నీకు తెలుసు గదా. ఈ నెలాఖరు దాకా తోలుకో."

"సరే రెడ్డీ."

నారాయణరెడ్డి కారు వరకూ నడిచి, మనసు ఒప్పక ఆగి, వెనక్కి తిరిగాడు. గొంతులో కోపం లేదు. నిజమైన బాధే ఉంది.

"కన్ను పోయిందని ఒక్క మాట ముందే చెప్పిండకూడదా అప్పా? ఆ దుర్భిణి అన్నా ఉంచుకోనుంటాం గదా."

వీరన్న ఆ గొంతు వచ్చిన వైపు ముఖం పెట్టి నిలబడ్డాడు.

"చెప్పిండాల్సింది రెడ్డీ," అన్నాడు.